తోడికోడళ్ళ తుప్పు

ఆ షెడ్డులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. జీతాలిచ్చే గుమాస్తా కూడా కాసేపు తల గోక్కుంటే తప్ప ఆ పేరు గుర్తుకు తెచ్చుకోలేడు. అందరికీ ఆమె సున్నమ్మ. కొలిచే సాధనం ఏది చేతికిచ్చినా, ముందు దాని సున్నా సరిగ్గా ఉందో లేదో చూసుకోనిదే పనికి దిగదు కాబట్టి ఆ పేరు వచ్చింది. కూరగాయల బండి దగ్గరా అంతే. ఖాళీ పళ్ళెం మీద ముల్లు ఎక్కడ ఆగిందో వంగి చూశాకే ఉల్లిపాయలు ఏరడం మొదలుపెడుతుంది. నా మీద నమ్మకం లేదా అని బండివాడు మొహం మాడ్చుకుంటే, నీ మీద ఉంది, నీ ముల్లు మీదే లేదు అంటుంది. ఒకసారి ఆసుపత్రిలో బరువు చూసే యంత్రం ఎక్కకముందే అది అరకిలో ఎక్కువ చూపిస్తోందని కనిపెట్టి, ఆ అరకిలో తన బరువులోంచి నర్సు చేత తీసేయించింది. అందులో కాస్త స్వార్థం కూడా ఉందని ఆమే ఒప్పుకుంటుంది.

ఈ జబ్బు పుట్టింట్లో అంటుకుంది. తండ్రి దర్జీ. ఆయన టేపుకు మొదటి అంగుళం ఎప్పుడో చిరిగిపోయింది. కొత్తది కొనుక్కోరాదా అని ఎవరైనా అంటే ఆయనకు కోపం వచ్చేది. ఒక్క అంగుళం పోయినంత మాత్రాన మిగతా అంగుళాలు ఏం పాపం చేశాయని ఎదురు ప్రశ్న వేసేవాడు. ఒకటో గీత దగ్గర పట్టుకుని కొలిచి, వచ్చిన అంకెలో ఒకటి తీసేసి పైకి చెప్పేవాడు. పక్కన కూర్చుని గుడ్డ మీద సుద్దతో గీసేది ఆయన తమ్ముడు, అంటే ఆమె బాబాయి. ఒకసారి బ్యాండు మేళంవాళ్ళ ప్యాంట్లు కుట్టే బేరం తగిలింది. హడావిడిలో అన్నయ్య మరిచిపోయి ఉంటాడని, బాబాయి తన వంతుగా ఇంకో అంగుళం తీసేశాడు. మేళం మొత్తం చీలమండలు చూపించుకుంటూ వీధుల్లో ఊరేగింది. అన్నదమ్ములిద్దరూ చాలా రోజులు మాట్లాడుకోలేదు, మధ్యలో కత్తెర అందివ్వాలన్నా ఈ పిల్లే అందించాల్సి వచ్చేది. కొలతకు దిద్దుబాటు ఎంత అవసరమో, ఎవరు దిద్దారో అడక్కుండా దిద్దితే ఎంత నగుబాటో ఆ వయసులోనే ఆమె బుర్రకెక్కింది.

పెళ్ళయ్యాక ఏటి ఒడ్డునున్న ఈ షెడ్డులో పనికి కుదిరింది. జనాన్ని ఏరు దాటించే లాంచీలు మరమ్మతుకు వచ్చేది ఇక్కడికే. లాంచీని పట్టాల మీదుగా ఒడ్డుకు లాగి, అడుగు భాగమంతా గీకి, రేకు మందం కొలిచి, అరిగిన చోట కోసి కొత్త ముక్క అతికి, రంగు వేసి మళ్ళీ నీళ్ళలోకి వదులుతారు. ఆమెది గీకుడు పని. లాంచీ కింద వెల్లకిలా పడుకుని తీగల బ్రష్షుతో తుప్పు దులపాలి. సాయంత్రానికి కనురెప్పలు కూడా ఎర్రబడేవి. భర్త అదే ఏటి మీద ఒక లాంచీకి సరంగు. దాన్ని నడిపేదీ, దాని ఇంజను బాగోగులు చూసేదీ ఆయనే. ఇద్దరూ ఇల్లు చేరాక ఒకరి దగ్గర డీజిలు వాసన, ఇంకొకరి దగ్గర తుప్పు వాసన. మన ఇంట్లో దొంగ దూరినా వాసనకే పారిపోతాడని ఆయన పరాచికాలాడేవాడు.

అప్పట్లో షెడ్డులో రేకు బలం చెప్పేవాడు ఒక ముసలాయన. సుత్తితో రేకు మీద కొట్టి, అది మోగిన తీరును బట్టి ఎక్కడ పలచబడిందో చెప్పేవాడు. చేతిలోనూ సుత్తే, మాటలోనూ సుత్తే కనుక అందరూ ఆయన్ను సుత్తి తాత అనేవారు. ఆయన మొదలుపెడితే ఆపడు. దూరంనుంచి చూసి అందరూ పక్కకు తప్పుకునేవారు. లాంచీ కింద వెల్లకిలా పడుకున్న మనిషి ఎక్కడికని తప్పుకుంటుంది? అలా ఆమె ఆయనకు దొరికిపోయింది. అలా దొరికిపోవడమే తన అదృష్టమని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఎందుకంటే, తుప్పులో ఇన్ని రకాలున్నాయని ఆమె విన్నది ఆయన నోటే. దేని పేరుతో దాన్ని పిలిస్తేనే అది చేతికి చిక్కుతుందని తాత నమ్మకం. రేకంతా సమంగా తినుకుంటూ పోయేది పరుపు తుప్పు. అది మర్యాదస్తురాలు, చెప్పి మరీ వస్తుంది. పైకి ఆవగింజంత కనిపించి లోపల బావి తవ్వేది గుంట తుప్పు. చెక్క పలకల కిందా, పాత రంగు కిందా నక్కి కూర్చునేది చాటు తుప్పు. అన్నిట్లోకీ ఆయనకు ముచ్చటైనది తోడికోడళ్ళ తుప్పు. ఇత్తడీ ఇనుమూ ఒకదానికొకటి తగులుతూ నీళ్ళలో ఉన్నాయంటే, ఇత్తడి నిగనిగలాడుతూ ఉంటుంది, పక్కనున్న ఇనుము లోలోపల కరిగిపోతుంది. ఒకే వంటింట్లో ఇద్దరు తోడికోడళ్ళుంటే ఒకావిడ మెరిసిపోతూ, ఇంకొకావిడ చిక్కి సగమైనట్టు. మధ్యలో చిన్న రబ్బరు ముక్క పెట్టి విడదీస్తే ఇద్దరూ నిక్షేపంలా ఉంటారు. తన ఇంట్లో ఆ రబ్బరు ముక్క తానేనని, అందుకే ఇలా నలిగిపోయానని తాత చెప్పేవాడు.

ఇంట్లో అన్నం తింటూ ఆమె ఈ పాఠాలన్నీ భర్తకు అప్పజెప్పేది. తోడికోడళ్ళ దాకా వచ్చేసరికి ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. ఆ మాట వినగానే తన తల్లికీ పిన్నికీ మధ్య జరిగిన యుద్ధాలన్నీ గుర్తుకొచ్చేవట.

లాంచీలను తనిఖీ చేసి ధ్రువపత్రం ఇవ్వడానికి ఒక ఇంజనీరమ్మ వచ్చేది. ఆవిడ మాటలు వేరు. సమరీతి క్షయం, గుంటల క్షయం, ద్విలోహ క్షయం అనేది. సున్నమ్మకు అవీ నచ్చాయి. ఇంట్లో ఒక పిలుపు, బడిలో ఒక పిలుపు ఉన్న పిల్లల్లా ఆ తుప్పులన్నీ ఆమెకు మరింత దగ్గరయ్యాయి. ఇంజనీరమ్మ కూడా తాత పెట్టిన పేర్లు అడిగి తెలుసుకుని, తోడికోడళ్ళ దగ్గర పడీ పడీ నవ్వింది. ఆవిడకూ ఒక తోడికోడలుందట.

తాతకు చెవులు మొరాయించి ఇంటిపట్టున కూర్చున్నాక షెడ్డులోకి గేజీ వచ్చింది. అరచేతిలో పట్టే పెట్టె, దానికో తీగ, తీగ చివర బొత్తాం లాంటి మూతి. రేకు మీద జిగట ద్రవం రాసి ఆ మూతి ఆనిస్తే, మన చెవికి అందని శబ్దాన్ని లోపలికి పంపుతుంది. అది రేకు అవతలి వైపు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మందం ఇంతని చూపిస్తుంది. దానికీ దిద్దుబాట్లున్నాయి. మొట్టమొదట సున్నా దిద్దాలి. ఎండకు కాలిన రేకైతే వేడి దిద్దుబాటు, రంగు మీదనుంచి కొలిస్తే పూత దిద్దుబాటు. ఇవన్నీ వింటుంటే చిరిగిన టేపుతో పెరిగిన మనిషికి ఒళ్ళు పులకరించింది. దిద్దుబాటుకు లొంగని లోపం ఒకటే ఉందని ఇంజనీరమ్మ చెప్పింది. రేకు మరీ పలచబడితే మొదటి శబ్దం కన్నుమూసి తెరిచేలోగా వచ్చేస్తుంది. గేజీ దాన్ని అందుకోలేక, రెండోసారి కొట్టుకుని వచ్చిన శబ్దాన్ని లెక్కేసుకుంటుంది. అప్పుడు ఉన్నదానికి రెట్టింపు చూపిస్తుంది. దీనికి జంట అంకె అని పేరు. అరుదుగా వస్తుంది, వచ్చినా వచ్చినట్టు తెలియదు.

ఆ గేజీ తన చేతికి రావాలని ఆమె ఎంత ఆశపడిందో చెప్పడానికి మాటలు చాలవు. గేజీ పట్టేవాడి వెనకాలే గీకుతూ, అతడు అంకె చెప్పకముందే తనలో తాను ఒక అంకె అనుకుని, సరిపోతే సంబరపడేది. చివరికి ఆ రోజు వచ్చింది. అతడికి ఇంకెక్కడో మంచి పని దొరికి వెళ్ళిపోయాడు. షెడ్డు యజమాని ఆమెను పిలిచాడు. ముక్కుసూటి మనిషి, పొగడ్త నోటికి రాదు.

"చూడమ్మాయ్, రేపొచ్చే లాంచీ నువ్వే కొలిచిపెట్టు. నీ కొలత నిలబడితే గేజీ నీదే. తప్పొచ్చిందో, మళ్ళీ బ్రష్షే. తర్వాత నన్నేమీ అనకూడదు."

వచ్చిన లాంచీ ఎవరిదో కాదు, ఆమె భర్త నడిపేదే. షెడ్డులో అందరికీ పండగైపోయింది. మొగుడి బండికి పెళ్ళాం కొలతట, మందం కాస్త పెంచి చెప్తుందేమో చూడండని ఒకటే ఎగతాళి. యజమాని మాత్రం, మునిగితే ముందు మునిగేది ఆమె మొగుడే కనుక ఇంతకంటే నమ్మకమైన కొలత ఉండదని తేల్చేశాడు.

ఆ రోజు సున్నమ్మను చూసి తీరాలి. తల దువ్వుకుని, ఉతికిన చీర మీద పని చొక్కా తొడుక్కుని, పరీక్షకు వెళ్ళే పిల్లలా వచ్చింది. గేజీతో పాటు వచ్చిన కొలత బిళ్ళ మీద మూతి ఆనించి సున్నా దిద్దింది. చాలదని మళ్ళీ దిద్దింది. ఆ లాంచీ రేకు కొత్తలో మూడు మిల్లీమీటర్లు. రెండు దాకా అరిగినా నడుస్తుంది, అంతకంటే దిగితే కోసి మార్చాలి. ముందు గీకుతూ, వెనకాలే కొలుస్తూ, వచ్చిన అంకె రేకు మీదే సుద్దతో రాస్తూ ముక్కు దగ్గరనుంచి తోక దాకా పాకింది. రెండు పాయింటు ఏడు. రెండు పాయింటు ఆరు. మళ్ళీ ఆరు. ఒక్కో అంకె రాస్తుంటే లోపల ఎవరో డప్పు కొడుతున్నట్టుంది. ఎక్కడా రెండున్నరకు తగ్గలేదు. యజమాని సుద్ద అంకెలన్నీ చూసుకుంటూ అటూ ఇటూ తిరిగి, సరే, రంగు వేయండన్నాడు. ఆయన నోట అది సన్మానం కింద లెక్క. ఇంటికెళ్ళాక ఆమె అన్నం కూడా సరిగ్గా తినలేదు, మాటలతోనే కడుపు నిండిపోయింది.

మర్నాడు పొద్దున్నే రంగు పడింది. మధ్యాహ్నం ఇంజనీరమ్మ వచ్చి సంతకం పెడితే లాంచీ నీళ్ళలోకి దిగాలి. రేవులో అప్పుడే జనం గుమిగూడుతున్నారు. అవతలి ఒడ్డున పనులున్నవాళ్ళు, బడి పిల్లలు, సంచులు మోసుకొచ్చినవాళ్ళు అంతా ఈ లాంచీ కోసమే కాచుక్కూర్చున్నారు. భర్త భోజనం క్యారేజీ పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. ఇద్దరూ లాంచీ నీడలో కూర్చున్నారు. ఆమె ఇంకా నిన్నటి అంకెల గురించే చెబుతోంది. తన లాంచీని అందరూ మెచ్చుకుంటుంటే ఆయనకూ ఛాతీ పొంగింది, తన వంతు గొప్ప కూడా కాస్త కలపాలనిపించింది.

"రేకు ఒక్కటేనా బాగున్నది? ఇంజనుకు నీళ్ళు లాగే కొళాయి చూడాలి నువ్వు. నిరుడు పాత ఇనపది విరిగితే నేనే ఇత్తడిది తెచ్చి అడుగు రేకుకు బిగించాను. ఇన్నాళ్ళు నీళ్ళలో నానినా అద్దంలా మెరుస్తోంది."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మధ్యలో రబ్బరు పెట్టారా?"

"రబ్బరెందుకు? చేతులు బొబ్బలెక్కేలా బిగించాను. చుక్క కారితే ఒట్టు."

ఇత్తడి అద్దంలా మెరుస్తోందంటే ఆ మెరుపు ఖరీదు పక్కనున్న ఇనుమే చెల్లించి ఉండాలి. కొళాయి లోపలివైపు ఉంటుంది కనుక కిందినుంచి ఆమెకు ఆ ఇత్తడి కనపడలేదు. అయితే దాని పక్కన తన గేజీ రెండు పాయింటు ఆరు చూపించిందే. చుట్టుపక్కల అంకెలతో చక్కగా కలిసిపోయింది కూడా. కలిసిపోయింది కనుకే అనుమానం రాలేదు. అది జంట అంకె అయితే? రెండు పాయింటు ఆరులో సగం ఎంత? ఆ లెక్క ఆమె వేసుకోలేదు, దానంతటదే పడిపోయింది. క్యారేజీ అక్కడే వదిలేసి యజమాని గదివైపు పరుగు తీసింది. ఏమైందో అర్థంకాక భర్త వెనకాలే పరిగెత్తాడు.

ఇంజనీరమ్మ అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చుని ఉంది. సున్నమ్మ ఆయాసంతోనే సంగతంతా చెప్పింది. కొళాయి దగ్గర తన కొలత తప్పయి ఉండొచ్చంది. యజమాని మొహం రంగులు మారింది. నిన్న భేషుగ్గా ఉందన్నది నువ్వే, ఇవాళ తప్పంటున్నదీ నువ్వే, రేవులో జనానికి నేనేం చెప్పాలని చిందులు తొక్కాడు. లోపలికి తొంగి చూద్దామంటే ఆ చోటు ఇంజను కింద ఇరుకులో ఉంది. అక్కడికి చెయ్యి దూరుతుంది కానీ కన్ను దూరదు. మళ్ళీ కొలిచి చూడమంది ఇంజనీరమ్మ.

అందరూ లాంచీ కిందికి వచ్చారు. కొళాయి పక్కన తడి ఆరని రంగును ఆమె అరచేయంత మేర గీకేసింది. సున్నా దిద్దింది. మూతి ఆనించింది. రెండు పాయింటు ఆరు. కాస్త జరిపింది. రెండు పాయింటు ఆరు. గేజీ పిడివాదం మానలేదు.

యజమాని కోపం చల్లారింది. గొంతు తగ్గించి, అంకె బాగానే ఉందిగా, నీ నోటితో నువ్వే గేజీ పోగొట్టుకుంటావా అన్నాడు. ఆ మాటలో నిజంగానే జాలి ఉంది. ఒక్క క్షణం ఆమె మనసు ఊగింది. ఊరుకుంటే చాలు, గేజీ తనది. ఇన్నేళ్ళ వెల్లకిలా బతుకు ఈ పూటతో ఆఖరు. యంత్రం చెప్పింది, తను రాసింది, ఎవరూ వేలెత్తి చూపరు. పైగా రంగు పాడుచేసి, రేకుకు బెజ్జం పెట్టాక అది గట్టి రేకే అని తేలితే, ఇటు కొలత రాదు, అటు బుద్ధీ లేదంటారు. పక్కనే భర్త నిలబడి ఉన్నాడు. సాయంత్రం ఈ రేకు మీదే ఆయన కాళ్ళుంటాయి. ఆయన వెనక ఆ జనమంతా ఉంటారు.

"ఒక్క బెజ్జం పెట్టనివ్వండి సార్. గట్టిగా ఉంటే రేపట్నుంచి బ్రష్షు పట్టుకుంటాను. పట్టుకుని మీరు చెప్పేదాకా నోరెత్తను."

యజమాని ఇంజనీరమ్మ వైపు చూశాడు. ఆవిడ క్షణం కూడా ఆలోచించలేదు.

"పెట్టండి. ఆ అంకెను నేనూ నమ్మాను. నాకూ తెలియాలి."

డ్రిల్లు తెచ్చారు. నేనే పెడతానంది సున్నమ్మ. షెడ్డులో పనులన్నీ ఆగిపోయాయి. వెల్డింగువాడు ముసుగు ఎత్తి చూస్తున్నాడు, రంగువాళ్ళు డబ్బాలు దించి వచ్చారు. ఆమె మోకాలి మీద కూర్చుని, డ్రిల్లు మొన ఆనించి, పళ్ళు బిగబట్టి, భుజం బలమంతా కూడగట్టుకుని మీట నొక్కింది. ఆ బలం అవసరమే పడలేదు. కిర్రుమన్న చప్పుడు మొదలవుతుండగానే మొన లోపలికి దిగబడిపోయింది, ఆమె ముందుకు తూలి లాంచీకి నుదురు కొట్టుకుంది. బెజ్జంలోంచి ఎర్రటి నీళ్ళు కొన్ని చుక్కలు కారి ఆగిపోయాయి.

ఇంజనీరమ్మ సన్నటి తీగ కొసను కొక్కెంలా వంచి బెజ్జంలోకి పంపి, లోపలి అంచుకు తగిలించి, బయటికి మిగిలినదాన్ని స్కేలు మీద పెట్టి చూసింది. ఒకటి పాయింటు మూడే ఉందంది. కొళాయి బిగించిన మరలు ఇంకాస్త ఊగితే, లేదా కింద రాయి తగిలితే, ఈ చుట్టుపక్కల రేకంతా ఒక్కసారిగా ఊడి వచ్చేదంది. ఎవరో పక్కనుంచి ఇదేనా ద్విలోహ క్షయమంటే అని అడిగితే, తోడికోడళ్ళ తుప్పు అని ఆవిడే సరిచేసింది.

భర్త అప్పటికే నిచ్చెనెక్కి లాంచీలోకి దూకాడు. పలకలు లేపుతున్న చప్పుడు, ఇంజను కింద చెయ్యి దూర్చి తడుముతున్న చప్పుడు కిందికి వినపడుతోంది. డ్రిల్లు కాస్త లావుదే. ఉన్నట్టుండి ఆ బెజ్జంలోంచి ఆయన చిటికెన వేలు బయటికి వచ్చింది. తుప్పుతో ఎర్రగా, తడిగా, ఏం తగులుతుందా అని గాలిలో వెతుక్కుంటోంది.

సున్నమ్మ ఆ వేలు పట్టుకుంది. అప్పటిదాకా గేజీ గురించీ, అంకెల గురించీ, నలుగురిలో మాట పోవడం గురించీ ఆలోచించిన మనిషికి ఇప్పుడు ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన్ను నిన్న తన చేత్తోనే ఈ రేకు మీదికి ఎక్కించబోయింది. ఇప్పుడు ఆయన తన చేతికి దక్కాడు.

వెనకనుంచి యజమాని దగ్గాడు.

"తప్పొస్తే బ్రష్షే అన్నాను."

"అన్నారు సార్."

"ఆ రంగంతా పోవాల్సిందే. మొత్తం గీకి, ఇత్తడి తగిలిన ప్రతి చోటా మళ్ళీ కొలవాలి." రేవువైపు ఒకసారి చూసి, ఆ జనానికి తనే ఏదో ఒకటి చెప్పుకుంటానన్నట్టు చెయ్యి ఊపాడు. "నువ్వే గీకు, నువ్వే కొలువు. గేజీ ఇంకొకడి చేతికి ఇస్తే నాకు నిద్ర పట్టదు."

షెడ్డులో ఎవరో ఈల వేశారు. లోపలినుంచి భర్త, బయట ఏమంటున్నారే, నా వేలు వదిలితే వచ్చి వింటాను కదా అని అరుస్తున్నాడు. సరే సార్ అంది సున్నమ్మ. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, మొహం నిండా నవ్వు, వేలు మాత్రం ఇంకా వదల్లేదు.